సెలవు పెట్టని గొంతు

నేను చెప్పే మాటల్లో సగం కోతలని మా అన్నయ్య అంటాడు. తక్కిన సగం కూడా కోతలేనని మా వదిన అంటుంది. ఇద్దరూ పెద్దవాళ్లు, కాదనను. ఇది మాత్రం ఆ రెండు సగాల్లోనూ చేరేది కాదు. మా వదిన నోరు విప్పకుండా ఇంట్లో కూర్చున్న పట్టపగలు, ఆమె గొంతు ఊరికి ఆ చివర ఒక గదిలో పాఠం చెబుతుండగా నేను విన్నాను.

విన్నది నేను కాబట్టి నమ్మాలి. నేను మైకు సెట్లు బాగుచేస్తాను. సభలో మైకు కూత పెట్టిందంటే వీధి మొదట్లో ఉండగానే ఏ తీగ వదులైందో చెప్పేస్తాను. ఒకసారి ఒక పెద్దమనిషి ఉపన్యాసం విని, ఆయనకి మర్నాడు జలుబు చేస్తుందని చెప్పాను. చేసింది. అంతకుముందు విశ్వవిద్యాలయంలో చదివాను. మధ్యలో నన్ను పంపేశారని గిట్టనివాళ్లు అంటారు గాని, దాన్ని వదిలేసింది నేనే. ఆ దెబ్బ నుంచి అది ఇప్పటికీ తేరుకోలేదు. కావాలంటే పెచ్చులూడిన ఆ గోడలు చూసి రండి.

మా వదిన అక్కడే భూగర్భశాస్త్రం చెబుతుంది. కుర్రకారు ఆ శాఖని రాళ్లబడి అంటారు. మాస్టర్లకీ రాళ్ల పేర్లే పెట్టారు. ఒక్క చుక్క పడితే బుసబుస పొంగే ఆయన సున్నపురాయి సారు. ఎటు పట్టుకున్నా కోసుకునే ఆవిడ పలుగురాయి మేడమ్. మా వదిన గులకరాయి. ప్రవాహం ఎటు తోస్తే అటు దొర్లుతుంది, దొర్లి దొర్లి నున్నబడింది, గీరుకునే కోణం ఒక్కటీ మిగల్లేదు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలుసు. కానీ అతను ఆమె చేతి అన్నమే తింటున్నాడు కాబట్టి చెప్పను.

ఆమె గొంతు పెద్దది కాదు. అరిచే గొంతు చివరి బల్లను తాకి తిరిగొస్తుంది. వదిన గొంతు మాత్రం చివరి బల్లదాకా నడిచి వెళ్లి, అక్కడ కునుకు తీస్తున్నవాడి పక్కన కూర్చునేది. నేను ఎన్నోసార్లు ఆ బల్ల మీద కునుకు తీసినవాణ్ణి, నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటికొచ్చాక కూడా పాఠం ఆగేది కాదు. వంటింట్లో గిన్నెలు బోర్లించి ఇది కొండ, ఇది లోయ అని నాకు చూపించేది. అన్నయ్య రైలు ఇంజను నడుపుతాడు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. కాబట్టి కొండలూ లోయలూ నా పాలిటే పడేవి.

అప్పట్లో శాఖలో కుర్చీలన్నిటి నిండా మనుషులుండేవారు. తర్వాత ఒక్కొక్కరే రిటైరయ్యారు. కుర్చీలు మాత్రం ఉద్యోగంలోనే ఉన్నాయి. వాటి మీది మెత్తలు కూడా ఎవరూ తీయలేదు. త్వరలో భర్తీ చేస్తారని శాఖ హెడ్డు ఏటా అంటాడు. వెళ్లినవాళ్లతో వాళ్ల పాఠాలు వెళ్లవు కదా, అవి వచ్చి మిగిలినవాళ్ల నెత్తిన కూర్చునేవి. అందులో పెద్ద వాటా గులకరాయిది. దానికి తోడు పేపర్లు దిద్దడం, అడ్మిషన్ల కమిటీ, హాస్టల్ కమిటీ. మెట్ల మీద ఎవరో కాలు జారి పడితే మెట్ల కమిటీ ఒకటి వేశారు, దానిక్కూడా వదినే. ఇంటికొచ్చాక గిన్నెలు బోర్లించడం మానేసింది. బల్ల మీద తల ఆనించి, అలాగే కాసేపు ఉండిపోయేది.

ఒకసారి పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. అధ్యాపకులు తృప్తిగా ఉన్నారా లేదా అని కనుక్కోవడం వాళ్ల పని.

"ఉద్యోగంలో మీకు తృప్తి ఉందా మేడమ్?" అని అడిగారు.

"క్లాసులో ఉందండి," అంది వదిన. "క్లాసు బయట పని ఉంది."

హెడ్డు మధ్యలో దూరి, "ఉంది అంటున్నారు, ఉందనే వేసుకోండి," అన్నాడట.

ఇక అసలు సంగతి. ఆ శాఖలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా సెలవు అడగాలంటే హెడ్డు గదిలో నిలబడి, తన బదులు క్లాసు తీసుకునే మనిషిని చూపించాలి. ఆ మనిషి హెడ్డు ఎదుట 'నేను తీసుకుంటాను' అని నోటితో అనాలి. అంటేనే సెలవు. దీన్ని వాళ్లు అడ్జస్ట్‌మెంట్ అంటారు. కాగితం చిరిగిపోతుంది, మాట చిరగదు అని ఏనాటి హెడ్డో పెట్టిపోయిన ఏర్పాటు. సున్నపురాయి సారు మామగారికి కంటి ఆపరేషన్ అంటే, వదిన 'నేను తీసుకుంటాను' అనేది. పలుగురాయి మేడమ్ చెల్లెలి పెళ్లంటే, 'నేను తీసుకుంటాను' అనేది. సున్నపురాయి సారు మామగారికి అదే కంటికి మళ్లీ ఆపరేషన్ అన్నా, 'నేను తీసుకుంటాను'. నిద్రలో కూడా ఆ మాటే అంటోందని అన్నయ్య చెప్పాడు.

చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. డాక్టరు లోపలికి లైటు వేసి చూశాడు.

"చేతులకి కాయలు కాచినట్టు మీ స్వరతంత్రుల మీద కాచాయమ్మా. నెల రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు. వినకపోతే ఈ గొంతు పోతుంది, పోతే మళ్లీ రాదు."

మర్నాడు సెలవు అడగడానికి వదిన వెళ్లింది. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడని నేను తోడు వెళ్లి, ఆమె సంచీ పట్టుకుని హెడ్డు గది గుమ్మంలో నిలబడ్డాను.

"విశ్రాంతి తీసుకోవాల్సిందే మేడమ్, ఆరోగ్యం ముఖ్యం," అన్నాడు హెడ్డు. "మరి మీ క్లాసులు ఎవరు తీసుకుంటారు?"

సున్నపురాయి సారు కిటికీలోంచి ఆకాశం చూశాడు. "నాకసలే నడుం నొప్పండి."

"నాకు ఈ నెలంతా పరీక్షల డ్యూటీ," అంది పలుగురాయి మేడమ్, గాజు బీరువాలో రాళ్లను అంతకుముందెప్పుడూ చూడనట్టు చూస్తూ.

"ఎవరో ఒకరు అనాలి కదండీ. అనకపోతే నేనెలా ఇవ్వను సెలవు?"

ఎవరూ అనలేదు. అలాంటి నిశ్శబ్దం పడ్డప్పుడల్లా ఇన్నేళ్లుగా దాన్ని పూడ్చింది మా వదినే. అలవాటు ప్రకారం ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేను తీసుకుంటాను."

నేను పక్కున నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. హెడ్డు ముఖం విప్పారింది.

"ఇంకేం మరి. సెలవు ఇచ్చేశాను. హాయిగా ఇంటికెళ్లి పడుకోండి."

వదిన గొంతు మీద చెయ్యి వేసుకుంది. ఏదో జారిందన్నట్టు చూసింది. మెట్లు దిగుతుంటే మాటిమాటికీ వెనక్కి తిరిగేది, సంచీ మరిచిపోయిన మనిషిలాగా. సంచీ నా చేతిలోనే ఉంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మాట లేదు. ఏం కావాలన్నా వదిన పలక మీద రాసేది. నన్ను తిట్టాలంటే పలక చాలక రెండు పక్కలా రాసేది. నోరు మాత్రం విప్పలేదు, దానికి నేనే సాక్షి. అయినా గొంతు నయం కాలేదు. రోజూ మధ్యాహ్నానికి ఎర్రగా ఉబ్బేది, సాయంత్రానికి మంచినీళ్లు కూడా మింగలేకపోయేది.

ఒక పూట ఎదురుగా కూర్చుని చూశాను. ఆమె బట్టలు మడతపెడుతోంది. పెదవులు మూసే ఉన్నాయి. గొంతు దగ్గర నరం మాత్రం కదులుతోంది, గబగబా మాట్లాడే మనిషికి కదిలినట్టు. కాసేపు కదిలి ఆగింది. ఎదుటివాళ్లు ఏదో అడుగుతుంటే వినడానికి ఆగినట్టు ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. వదిన చేతిలో చొక్కా మడత అలాగే ఉండిపోయింది. నా వైపు చూసింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"మీరు మాట్లాడుతున్నారు," అన్నాడు డాక్టరు లైటు ఆర్పి.

వదిన తల అడ్డంగా ఊపింది.

"ఒట్టు డాక్టరుగారూ," అన్నాను నేను. "నన్ను తిట్టే అవసరం గంటకోసారి వస్తుంది. ఒక్కసారి కూడా నోరు జారలేదు."

"అయితే ఈ వాపు ఎక్కడిది? ఇంకో వారం ఇలాగే సాగితే నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఆ వారంలోనే విశ్వవిద్యాలయం సభామందిరంలో మైకు పాడైందని నన్ను పిలిచారు. నేను లేకపోతే వాళ్లకి గతి లేదని ముందే చెప్పాను. పని ముగించుకుని రాళ్లబడి వరండాలోంచి అడ్డదారిన వస్తున్నాను. ఎండ దంచేస్తోంది, వరండాలో పురుగు లేదు. చివరి గదిలోంచి మా వదిన గొంతు వినిపించింది.

"నీరు పరుగెడుతున్నంతసేపూ మట్టిని మోస్తుంది. ఎక్కడ నెమ్మదిస్తుందో అక్కడ దించేస్తుంది. ఈ రాయంటే ఏమిటనుకున్నారు? నీరు మోయలేక దించుకున్న బరువు. అర్థమైందా?"

రికార్డు చేసి పెట్టారనుకున్నాను. నా దగ్గరా ఈ వేషాలు అనుకుని గోడ పక్కన నక్కి విన్నాను. పెట్టెలోంచి వచ్చే గొంతు ఒకచోటే ఉంటుంది. ఇది నడుస్తోంది. వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి వెళుతోంది, కింద అడుగుల చప్పుడు లేదు. బల్లల మధ్యకి దిగింది, చివరి వరసదాకా వెళ్లింది, తిరిగి వేదిక ఎక్కింది. కిటికీ రెక్క తోసి చూశాను. బోర్డు మీద రాత లేదు. వేదిక మీద మనిషి లేదు. గది నిండా పిల్లలు తల వంచుకుని రాసుకుంటున్నారు. పెన్నులన్నీ ఒకేసారి ఆగుతున్నాయి, ఒకేసారి కదులుతున్నాయి. ఒంట్లో వణుకు పుట్టింది. పుట్టిందని ఒప్పుకోవడం నా జన్మలో ఇదే మొదలు.

వెనక ఎవరో వచ్చారు. తిరిగి చూస్తే హెడ్డు. ఆయన రోజూ గదుల వెంట తిరుగుతాడు. తలుపు దగ్గర ఆగి, చెవి ఒగ్గి, మాట వినిపిస్తే క్లాసు నడుస్తున్నట్టు లెక్క.

"మీ వదిన లాంటి మనిషి వెయ్యికొకరయ్యా," అన్నాడు. "సెలవులో ఉండి కూడా ఒక్క క్లాసు ఎగ్గొట్టలేదు."

"లోపలికి తొంగి చూశారా సార్?"

"చూడ్డమెందుకు, వినపడుతోందిగా. అలుపు లేకుండా చెబుతున్నారని ఆ నడుం నొప్పి సారు క్లాసులు కూడా ఇటే పంపించాను."

గంట కొట్టాక బయటికొచ్చిన ఒక అమ్మాయిని ఆపాను.

"మేడమ్ ఎలా ఉన్నారమ్మా, చిక్కిపోయారా?"

"ఏమో అన్నా, చూడలేదు. నోట్సు రాసుకోవాలి కదా, తలెత్తితే ఒక లైను పోతుంది."

"పాఠం బాగుంటోందా?"

"ఈ మధ్య చాలా బాగుంటోంది. ఇదివరకు గడియారం చూసుకుంటూ చెప్పేవారు. ఇప్పుడు ఆ తొందరేమీ లేదు."

ఇంటికెళ్లి చెప్పాను. ఏమీ కలపకుండా చెప్పాను, అదే కష్టమైంది. వదిన పలక తీసుకుని రాసింది. 'ఆ రోజు నేనే కదా తీసుకుంటానన్నాను.' అది చెరిపి ఇంకో మాట రాసింది. 'ఎలా చెబుతోంది?'

"బాగా," అన్నాను.

వదిన నవ్వింది. వరండాలో పుట్టిన వణుకు కన్నా ఆ నవ్వు చూస్తే నాకు ఎక్కువ భయమేసింది. పాఠం బాగుందంటే, గొంతు పోతోందన్న సంగతి ఆమెకి ఒక్క క్షణం గుర్తు లేదు.

దారి ఒక్కటే కనిపించింది. ఆ క్లాసు నాదని ఇంకెవరైనా హెడ్డు ముందు అంటే గొంతుకి విడుదల. ఆ మాట నేనంటానన్నాను. 'ముందు నువ్వు పరీక్ష పాసవ్వు' అని పలక మీద వచ్చింది. ఇక మిగిలినవాళ్ల ఇళ్లకి వెళ్లాను. సున్నపురాయి సారు నడుం పట్టుకుని తలుపు తీశాడు. పలుగురాయి మేడమ్ తలుపు సందులోంచే మాట్లాడింది.

"బాగానే నడుస్తోంది కదా. నడిచేదాన్ని ఎందుకు కదిలించడం?"

డాక్టరు ఇచ్చిన వారం కరిగిపోతోంది. ఒక పొద్దున్న వదిన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఎక్కడికని నేను అడగలేదు.

వెనక తలుపులోంచి ఆ గదిలోకి వెళ్లి చివరి బల్ల మీద కూర్చుంది. నేను తలుపు దగ్గర ఆగాను. వేదిక మీద ఎవరూ లేరు. ఎవరూ లేనిచోటి నుంచి ఆమె గొంతు, కొండ ఎలా అరుగుతుందో చెబుతోంది. కిందకి దిగి, బల్లల మధ్య నడిచి, చివరి వరసదాకా వచ్చింది. మా వదిన పక్కన ఆగింది. ఆగిందని నాకెలా తెలుసంటే, అప్పటిదాకా గదంతా పరుచుకున్న మాట ఒక్కసారిగా చిన్నదై, ఒక్క మనిషికే చెబుతున్నట్టు మారింది. వదిన గొంతు నరం ఆ మాటతో పాటు కదులుతోంది. ఆమె ముఖంలో తృప్తి కనిపించింది. గిన్నెలు బోర్లించిన రోజుల తర్వాత ఆ ముఖాన్ని నేను మళ్లీ చూడటం అదే.

గొంతు వేదిక వైపు మళ్లింది. వదిన లేచి దాని వెనకే నడిచింది. వేదిక ఎక్కి, పిల్లల వైపు తిరిగి నిలబడింది. మాట ఠక్కున ఆగిపోయింది. పెన్నులు ఆగాయి. తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి. నోరు మూసుకుని నిలబడ్డ మనిషిని చూసి, ఇంతసేపూ తాము ఏం విన్నామో పిల్లలకి అప్పుడు అనుమానం మొదలైంది. ముందు వరసలో ఒకడు బల్లతో సహా వెనక్కి జరిగాడు.

చప్పుడు ఆగితే హెడ్డుకి తెలియకుండా ఉంటుందా? పరుగున వచ్చాడు. ఆయన వెనకే సున్నపురాయి సారు, పలుగురాయి మేడమ్.

"ఏమైంది? క్లాసు ఆగిందేం?" అన్నాడు. "మేడమ్, ఈ క్లాసు ఎవరు తీసుకుంటున్నారు?"

మళ్లీ ఆ నిశ్శబ్దమే వచ్చి గదిలో కూర్చుంది. వదిన పెదవులు విడివడబోయాయి. ఇప్పుడు ఆ మాట అందంటే గొంతు ఇక్కడే ఉండిపోతుంది, ఇంటికొచ్చేది మూగ మనిషి. వేదిక మీద ఆమె పక్కన ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆ ఊపిరి మా వదిన పీల్చుకున్నది కాదు. మాట్లాడబోయే ముందు ఎవరైనా తీసుకునే ఊపిరి అది. పిల్లలూ విన్నారు.

వదిన కింది పెదవిని పళ్ల మధ్య పెట్టి బిగించింది.

"ఎవరో ఒకరు అనాలి కదండీ," అన్నాడు హెడ్డు.

"నా నడుం..." అని మొదలుపెట్టి సున్నపురాయి సారు తలుపు దాటి వెళ్లిపోయాడు. పలుగురాయి మేడమ్ కళ్లు నేల మీద ఉన్నాయి. వదిన పెదవి మీద రక్తం కనిపించింది. ఆమె అలాగే నిలబడింది. మాట మీద బతికే మనుషులు మాట లేకుండా ఎక్కువసేపు ఉండలేరు. నిశ్శబ్దం పెరిగే కొద్దీ హెడ్డు నుదుట చెమట పట్టింది. అటు చూశాడు, ఇటు చూశాడు, ఆ మాట అనడానికి ఇక తనే మిగిలాడు.

"సరే, సరే. నేను తీసుకుంటాను."

వదినకి పొరపోయినట్టు దగ్గు తెర వచ్చింది. వేదిక అంచున కూలబడింది. నేను వెళ్లి వీపు నిమిరాను. తలెత్తి చూస్తే, హెడ్డు తన గొంతు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం పై ఆఫీసు సమావేశంలో హెడ్డు నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదట. చివరి గదిలో మాత్రం ఆయన పాఠం గంట కొట్టినా ఆగలేదట, తప్పులతో సహా. ఇది నేను చూడలేదు, విన్నాను. కాబట్టి మొదటి సగంలో వేసుకోండి.

వదిన గొంతు వాపు తీసేసినట్టు తగ్గింది. సెలవు ముగిసే ముందు, ఇక మాట్లాడవచ్చు అన్నాడు డాక్టరు. మొదటి మాట నన్ను తిట్టడానికే వాడుతుందని అన్నయ్యతో పందెం కాశాను. ఓడిపోయాను. ఇంటికొచ్చి కూర్చుని, "రానంది," అంది. గొంతు అదే, కాస్త దూరం నుంచి వచ్చినట్టుంది.

"ఏది వదినా?"

"అదే. వేదిక ఎక్కినప్పుడు నా పక్కనే ఉంది. వెళదాం రా అని మనసులో అన్నాను. నాకిక్కడే బాగుంది, ఇక్కడ కమిటీలు లేవు, నేను రాను అంది."

"మరెలా వచ్చింది?"

"మాటిచ్చాను. క్లాసు తప్ప ఇంకేదీ నెత్తిన వేసుకోనని."

"ఒకవేళ తప్పితే?"

వదిన నా వంక చూసింది. ఆమె గొంతు నరం ఒక్కసారి కదిలి ఊరుకుంది.

ఆ ఆదివారం నా చొక్కా ఆమె ముందు పెట్టి, "వదినా, దీన్ని కొంచెం ఇస్త్రీ చేసి పెట్టవూ," అన్నాను. వదిన అలవాటు కొద్దీ అలాగే అనబోయి నోరు తెరిచింది. శబ్దం రాలేదు. పెదవులు కదులుతున్నాయి, లోపల ఎవరూ లేరు. ఆమె చొక్కా మెల్లగా నా వైపు జరిపింది. తల పక్కకి వంచి, పక్కగదిలో మనిషి ఉన్నదీ లేనిదీ వినేవాళ్లలాగా కాసేపు ఆగింది.

"నువ్వే చేసుకో," అంది అప్పుడు.

చేసుకున్నాను. కాలర్ కాలింది. ఆ చొక్కాయే వేసుకుని తిరుగుతున్నాను.